బీఎస్‌ఎన్‌ఎల్ వీఆర్‌ఎస్: 2000లో మొదలైన దారి

2020 జనవరి 31న బీఎస్‌ఎన్‌ఎల్‌లో 78,569 మంది, అంటే సంస్థలో దాదాపు సగం మంది, స్వచ్ఛంద పదవీ విరమణ పథకం (వీఆర్‌ఎస్) కింద ఒకేసారి ఉద్యోగం వదిలారు. ఢిల్లీ, ముంబైల ప్రభుత్వ టెలికాం సంస్థ ఎంటీఎన్‌ఎల్‌లో మరో 14 వేల పైచిలుకు. దరఖాస్తుకు ఇచ్చిన గడువు 2019 నవంబరు 4 నుంచి డిసెంబరు 3 వరకే. కథ మాత్రం 2000 నుంచి ఉంది.

ఆ ఏడాది అక్టోబరు 1న టెలికాం శాఖ సేవల విభాగం బీఎస్‌ఎన్‌ఎల్ అనే కంపెనీగా మారింది. మూడు లక్షలకు పైగా సిబ్బందిని వేధించిన ప్రశ్న ఒక్కటే: పెన్షన్ ఎవరిస్తారు? సెప్టెంబరులో సమ్మె జరిగాక కేంద్ర ఉద్యోగుల పెన్షన్ నిబంధనల్లో 37-ఎ అనే నిబంధన చేరింది, ప్రభుత్వమే ఇస్తుందని తేలింది. ఆ భరోసా లేకుంటే పందొమ్మిదేళ్ల తర్వాత అంతమంది సంతకం పెట్టేవారు కాదు.

2010లో 3జీ, బీడబ్ల్యూఏ (వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్) స్పెక్ట్రమ్‌కు సంస్థ సుమారు 18,500 కోట్లు కట్టింది. నిల్వ నగదు అక్కడే కరిగింది. 2016లో జియో వచ్చాక ధరలు కుప్పకూలాయి, చేతిలో 4జీ లేదు. 2018-19లో ఆదాయంలో 75 శాతం జీతాలకే పోయింది. ఎయిర్‌టెల్‌లో అది 3 శాతం లోపే. అయితే ఈ పోలికను యథాతథంగా తీసుకోకూడదు: ప్రైవేటు కంపెనీలు టవర్ల, కేబుళ్ల పనిని బయటివారికి అప్పగిస్తాయి, ఆ కూలి వేరే పద్దులో పడుతుంది.

2019 ఫిబ్రవరి జీతాలు వేళకు పడలేదు. అక్టోబరు 23న కేబినెట్ పునరుద్ధరణ ప్యాకేజీని ఆమోదించింది. 50 ఏళ్లు నిండినవారు అర్హులు. పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకు 35 రోజులు, రిటైర్మెంట్ దాకా మిగిలిన ప్రతి ఏడాదికి 25 రోజుల జీతం (బేసిక్, డీఏ) ఎక్స్‌గ్రేషియా, అంటే పరిహారం. దీన్నే గుజరాత్ పద్ధతి అంటారు. 30 ఏళ్లు చేసి 5 ఏళ్లు మిగిలిన ఉద్యోగికి 1,050, 125 కలిపి 1,175 రోజులు, అంటే 39 నెలల జీతం. కానీ మిగిలిన సర్వీసు జీతంతో ముడిపెట్టిన పరిమితి ఒకటుంది కాబట్టి, 58, 59 ఏళ్లవారికి ఆ లెక్క బాగా తగ్గింది. డబ్బు కూడా రెండు ఆర్థిక సంవత్సరాల్లో రెండు వాయిదాలు. కమ్యుటేషన్‌కైతే, అంటే పెన్షన్‌లో కొంత భాగాన్ని ఒకేసారి తీసుకోవాలంటే, 60 నిండేదాకా ఆగాలి.

ఇక ‘స్వచ్ఛంద’ అన్న మాట. జీతం ఎప్పుడొస్తుందో తెలియదు, వేతన సవరణ ఆగిపోయింది, రిటైర్మెంట్ వయసు 58కి తగ్గిస్తారన్న పుకారు. వీటి మధ్య పెట్టిన సంతకాన్ని పూర్తి ఇష్టం అనలేం.

జీతాల బిల్లు దాదాపు సగానికి పడింది. దెబ్బ తగిలింది ల్యాండ్‌లైన్‌కు. ఏ పిల్లర్ (వీధిలో తీగలు కలిసే పెట్టె) నుంచి ఏ ఇంటికి ఏ జత తీగ వెళ్లిందో చాలాచోట్ల రికార్డుల్లో కన్నా లైన్‌మన్ తలలోనే ఉండేది. ఫాల్టుల పనిని తర్వాత కాంట్రాక్టర్లకు ఇచ్చినప్పుడు, వారు ఒక్కో తీగనూ మొదటినుంచి వెతుక్కోవాల్సి వచ్చింది.