ఎర్ర మూత సిరంజి

వేసవి మొదట్లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తెచ్చే రైతులు చాలామంది తెల్లవారకముందే ఇల్లు వదులుతారు. వారిలో షుగర్ వ్యాధికి ఇన్సులిన్ వాడే మనిషి పొద్దున్నే సూది వేసుకొని, "కాంటా అయినంక తింటా" అనుకొని తిండిని వాయిదా వేస్తే, కొద్ది గంటల్లోనే చేతులు వణికి ఒళ్లంతా చెమటలు పడతాయి. చుట్టూ ఉన్నవారు వడదెబ్బ అనుకొని మంచినీళ్లు తాగిస్తారు గాని, ఆ శరీరం అప్పుడు అడుగుతున్నది చక్కెర.

ఆరోగ్యవంతుల్లో క్లోమగ్రంథి తిన్నదాన్ని బట్టి ఇన్సులిన్‌ను వదులుతుంది, తినకపోతే తగ్గిస్తుంది. సీసాలోని ఇన్సులిన్‌కు ఆ ఎరుక లేదు. చర్మం కిందికి చేరాక, మనిషి తిన్నా తినకపోయినా తన పని తాను చేసుకుపోతుంది. భోజనానికి ముందు వేసే 'రెగ్యులర్' రకం ఇన్సులిన్ పని మొదలుపెట్టడానికి సుమారు అరగంట పడుతుంది కాబట్టి దాన్ని అరగంట ముందే వేస్తారు. అందుకే సూది వేసే ముందు సిస్టర్ అడిగే "బువ్వ తయారుగా ఉందా?" అన్న ప్రశ్న మర్యాద కోసం అడిగేది కాదు, అది కూడా వైద్యంలో భాగమే.

కొలత విషయంలో ఇంతకన్నా జాగ్రత్త అవసరం. మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్‌లో ఎక్కువ భాగం మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలం కలది. ఇన్సులిన్ పెన్నుల్లో వాడే కార్ట్రిడ్జ్‌లు, కొన్ని కొత్త రకాల సీసాలు 100 యూనిట్లవి. 40 బలం సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 బలం సీసాకు నారింజ మూత సిరంజి వాడాలి. డాక్టరు 20 యూనిట్లు రాశారనుకుందాం. 40 బలం సీసా నుంచి పొరపాటున నారింజ మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే, వచ్చేది 0.2 మిల్లీలీటరు, అంటే 8 యూనిట్లే. 100 బలం మందును ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే అర మిల్లీలీటరు వస్తుంది, అందులో 50 యూనిట్లుంటాయి. రెండుసార్లూ కంటికి కనబడే గీత ఒక్కటే, లోపలికి వెళ్లే మందు మాత్రం ఒకసారి సగం కన్నా తక్కువ, మరోసారి రెండున్నర రెట్లు. ఇంటికి పంపే ముందు రోగి చేతికి సిరంజి ఇచ్చి, మందు తీసి చూపించమని అడగడం ఎంత తొందరలోనూ మానకూడనిదని నా గట్టి నమ్మకం.

రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే, స్పృహ ఉన్నవారికి మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయకూడదు, వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి. బీపీకి ప్రొప్రనొలాల్ వంటి మాత్రలు వాడేవారిలో వణుకు, గుండెదడ బయటపడకపోవచ్చు గాని చెమట మాత్రం దాగదు. కాబట్టి అకారణంగా పట్టే చెమటను ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు.

ఎండలు 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో ఫ్రిజ్ లేని ఇళ్లూ ఉన్నాయి. అలాంటి చోట ఇన్సులిన్ సీసాను తడవకుండా చిన్న డబ్బాలో పెట్టి, నీడలో తడి ఇసుక మధ్య ఉంచిన మట్టికుండలో దాస్తే, పొడి గాలికి నీరు ఆవిరవుతూ కుండ లోపలి వేడిని తగ్గిస్తుంది. ఫ్రిజ్ ఉన్నవారు దాన్ని డీప్ ఫ్రీజర్‌లో పెట్టరాదు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. తెరిచిన సీసా సాధారణంగా నాలుగు వారాల వరకే.

థైరాయిడ్ గోలీలది మరో తీరు. థైరాయిడ్ హార్మోన్ తక్కువైనవారికి ఇచ్చే లెవోథైరాక్సిన్‌ను పరగడుపున మంచినీళ్లతో వేసుకొని, అరగంట నుంచి గంట దాకా చాయ్ కూడా ముట్టకూడదు. గర్భిణులకు ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు దాన్ని పేగుల్లోనే పట్టి ఉంచుతాయి గనుక వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. శరీరంలో ఈ మందు సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అందువల్ల మోతాదు మార్చాక, థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్షను ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాత చేయిస్తారు. నెల తిరగకముందే గుణం కనిపించలేదని మానేసిన తల్లికి ఈ లెక్కను ఓపికగా విప్పి చెప్పాలి.

షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్‌ను అన్నంతో పాటు వేసుకుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది. ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 విటమిన్ తగ్గవచ్చు గనుక అప్పుడప్పుడు దాని పరీక్ష చేయించడం మంచిది. వారాల తరబడి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు వాడినవారు మాత్రం ఒంట్లో బాగుందని ఒక్కసారిగా ఆపరాదు, ఎందుకంటే ఆ రోజుల్లో, ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు తమ పనిని తగ్గించుకొని ఉంటాయి, అవి తిరిగి అందుకోవడానికి డాక్టరు చెప్పిన లెక్కన మోతాదును మెల్లమెల్లగా దించుకుంటూ రావాలి.