కుక్క ఏ డిపార్ట్‌మెంటుది?

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఉన్న వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమంది. ఆగస్టు 22న ముగ్గురు జడ్జీల బెంచి ఆ మాటను సవరించింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి టీకా వేసిన కుక్కల్ని పట్టిన చోటే వదలాలి, రేబిస్ సోకినవాటినీ మీదపడి కరిచేవాటినీ మాత్రం వదలకూడదు అంది. మధ్యలో ఆ పదకొండు రోజులూ టీవీల్లో ఒకటే అరుపులు. మనకు ఆ చర్చ కొత్త కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కలు మీదపడి ఒక పసివాడు చనిపోయినప్పుడూ ఇవే మాటలు విన్నాం. ఒకపక్క లాయరు, ఇంకోపక్క పశువుల డాక్టరు, కుక్కలకు రోజూ అన్నం పెట్టే ఆవిడ, కుక్క కరిచిన పిల్ల తండ్రి. అందరూ ఉంటారు. "మనిషికీ కుక్కకీ మధ్య ఏం జరుగుతోందన్నదే నా చదువు" అనే మనిషి మాత్రం నేను చూసిన ఒక్క చర్చలోనూ కనబడలేదు.

అలాంటి చదువు ఉంది. దాని పేరు ఆంత్రోజువాలజీ. గ్రీకులో ఆంత్రోపోస్ అంటే మనిషి, జోయాన్ అంటే జంతువు. ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో, అమెరికాలో బఫెలో నగరంలోని కనీషియస్‌లో దాన్ని పీజీ స్థాయిలో చెబుతున్నారు. ఈ చదువు పుట్టుక వెనక్కి తిరిగి చూస్తే అడుగడుగునా ఒక కుక్క ఎదురవుతుంది.

మొదటి కుక్కకు పేరు లేదు. 1903 ఫిబ్రవరిలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిజియాలజీ పాఠం జరుగుతోంది. బల్ల మీద గోధుమరంగు టెర్రియర్, ఎదురుగా అరవై మంది దాకా వైద్య విద్యార్థులు. పాఠం చెబుతున్నది విలియం బేలిస్. వింటున్నవాళ్ళలో స్వీడన్ నుంచి వచ్చిన ఇద్దరు యువతులున్నారు, లిజ్జీ లిండ్ అఫ్ హాగెబీ, లీసా షార్టౌ. బతికున్న జంతువుల మీద ప్రయోగాలకు వాళ్ళు వ్యతిరేకులు. లోపల ఏం జరుగుతోందో కళ్ళారా చూసి రాయాలనే వైద్య విద్యలో చేరారు. కుక్కకు మత్తు సరిగ్గా ఎక్కలేదనీ, గింజుకుందనీ, ఒంటిమీద పాత కోత గాయం ఉందనీ వాళ్ళు డైరీలో రాసుకున్నారు.

ఆ పాత గాయమే అసలు చిక్కు. ఇంగ్లండులో 1876 నాటి చట్టం ప్రకారం ఒకసారి ప్రయోగానికి వాడిన జంతువును మళ్ళీ కోలుకోనిచ్చి ఇంకో ప్రయోగానికి వాడకూడదు. జంతు ప్రయోగాల వ్యతిరేక సంఘం నాయకుడు స్టీఫెన్ కోల్‌రిడ్జ్ ఈ సంగతి బహిరంగ సభలో బయటపెట్టాడు. బేలిస్ పరువు నష్టం దావా వేశాడు. అదే కుక్కను రెండుసార్లు వాడిన మాట నిజమేననీ, ఇంకో కుక్క ప్రాణం తీయడం ఎందుకని అలా చేశాననీ బేలిస్ సహచరుడు ఎర్నెస్ట్ స్టార్లింగ్ కోర్టులోనే ఒప్పుకున్నాడు. అయినా దావా బేలిస్ గెలిచాడు, 2000 పౌండ్ల నష్టపరిహారంతో సహా.

కథ అక్కడితో ఆగలేదు. 1906లో బ్యాటర్సీ అనే పేటలో ఆ కుక్కకు విగ్రహం పెట్టారు. దాని కింద రాసిన మాటలకు వైద్య విద్యార్థులకు ఒళ్ళు మండింది. 1907 డిసెంబరు 10న వెయ్యి మంది దాకా లండన్ నడిబొడ్డున ఊరేగి పోలీసులతో కొట్లాటకు దిగారు. విగ్రహానికి రాత్రింబవళ్ళు పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. చివరికి 1910లో కౌన్సిల్ దాన్ని రాత్రికి రాత్రే తీయించేసింది.

ఒక్క మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. సరిగ్గా ఆ పాఠానికి ముందు ఏడాది, 1902లో, బేలిస్, స్టార్లింగ్ కుక్కల మీద ప్రయోగాలు చేసి సెక్రెటిన్ అనే హార్మోన్‌ను కనుక్కున్నారు. బైపీసీ పిల్లలు బట్టీ పట్టే 'హార్మోన్' అనే మాట 1905లో స్టార్లింగ్ వాడుకలోకి తెచ్చిందే. ఆ ల్యాబ్‌ను కసాయి కొట్టు అని తోసిపారేయలేం. కానీ ఆ గొడవ తర్వాత యూనివర్సిటీల్లో ఒక గీత పడిందని నాకనిపిస్తుంది. జంతువు మీద మమకారం చూపించినవాడు సైన్సుకు అవతలి పక్షం అయిపోయాడు.

ఆ గీత ఎంత గట్టిదో జేన్ గుడాల్‌కు బాగా తెలిసొచ్చింది. 1960లో ఆఫ్రికాలోని గోంబే అడవుల్లో చింపాంజీలను చూడడం మొదలుపెట్టి, డిగ్రీ లేకుండానే 1962లో కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీకి వెళితే, వాటికి పేర్లెందుకు పెట్టావు, నంబర్లు ఇవ్వాల్సింది అన్నారు. అదే సమయానికి జపాన్‌లో క్యోటో విశ్వవిద్యాలయం వాళ్ళు కోతులకు పేర్లు పెట్టి, ఒక్కొక్కదాన్ని ముఖం చూసి గుర్తుపడుతూ ఏళ్ళ తరబడి పని చేసుకుపోతున్నారు. వాళ్ళకది పెద్ద విడ్డూరంగా తోచలేదు.

రెండో కుక్క పేరు జింగిల్స్. యజమాని బోరిస్ లెవిన్సన్, న్యూయార్కులో పిల్లల మనస్తత్వవేత్త. ఎవరితోనూ కలవని ఒక పిల్లాడిని తల్లి చెప్పిన టైముకంటే ముందే తీసుకొచ్చింది. గదిలో కుక్క ఉన్న సంగతి లెవిన్సన్ మర్చిపోయాడు. అది వెళ్ళి పిల్లాడి ముఖం నాకింది, వాడు దాన్ని దగ్గరకు తీసుకున్నాడు. తర్వాత కుక్కతో ఆడుకోవడానికే రావడం మొదలుపెట్టి, మెల్లగా డాక్టరుతోనూ కలిశాడు. ఈ సంగతి లెవిన్సన్ తోటి మనస్తత్వవేత్తల సభలో చెబితే కొందరు నవ్వారు. ఫీజులో కుక్క వాటా ఎంత అని అడిగారట. 1962లో దాన్నే పరిశోధన వ్యాసంగా అచ్చు వేయించాడు.

నవ్వు ఆపించింది మాత్రం అంకెలే. 1980లో ఎరికా ఫ్రీడ్‌మన్, ఆమె సహచరులు గుండె జబ్బుతో ఆస్పత్రిలో చేరిన 92 మందిని ఏడాది తర్వాత లెక్క చూశారు. ఇంట్లో పెంపుడు జంతువు ఉన్న 53 మందిలో చనిపోయింది ముగ్గురు. లేని 39 మందిలో 11 మంది. కుక్కను పెంచితే గుండె బాగుపడుతుందని పేపర్లు రాసేశాయి. తర్వాతి అధ్యయనాలన్నీ ఆ మాటకు వత్తాసు పలకలేదు. కుక్కను పెంచుకోగలిగిన మనిషికి ముందునుంచే కాస్త ఓపిక, తోడు, డబ్బు ఉండి ఉండొచ్చుగా! కానీ ఇది కొలవదగ్గ విషయమేనని ఒప్పుకోక తప్పలేదు. 1987లో ఈ చదువుకు సొంత పత్రిక వచ్చింది, 1991లో అంతర్జాతీయ సంఘం ఏర్పడింది.

ఇంకో దారి తత్వశాస్త్రం గుండా వచ్చింది. 1970లో ఆక్స్‌ఫర్డ్‌లో మధ్యాహ్న భోజనం దగ్గర ఒక కెనడా విద్యార్థి, స్పగెటీ మీద పోసే సాస్‌లో మాంసం ఉందా అని అడిగి, ఉందనేసరికి సలాడ్ తెచ్చుకున్నాడు. పక్కనే ఉన్న ఆస్ట్రేలియా తత్వశాస్త్ర విద్యార్థి పీటర్ సింగర్ ఎందుకని ఆరా తీశాడు. జంతువుల పట్ల మన నీతిని ప్రశ్నిస్తూ 1975లో ఆయన రాసిన పుస్తకానికి బీజం అక్కడ పడింది. అదే ప్రశ్న మన కాలేజీ మెస్సులో ఎవరైనా అడిగితే, ఎదుటివాడు ముందు అతని కులం ఏమిటా అని ఆలోచిస్తాడు. మాంసం గురించిన ఏ మాటా ఇక్కడ ఉత్త నీతి ప్రశ్నగా మిగలదు. ఈ చదువును పడమటి నుంచి ఉన్నదున్నట్టు దించుకుంటే వచ్చే ఇబ్బంది ఇదే.

మన దేశంలో ఇది చట్టం తలుపు నుంచి లోపలికొచ్చింది. రుక్మిణీదేవి అరండేల్ 1950ల మొదట్లో రాజ్యసభలో పెట్టిన ప్రైవేటు బిల్లు పుణ్యమా అని 1960లో జంతు హింస నివారణ చట్టం వచ్చింది. అందులో మొదటి తప్పుకు రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ప్రయోగాలకు మినహాయింపు ఉంది. మా డిగ్రీ రోజుల్లో జువాలజీ ల్యాబ్‌లో మైనం ట్రేలో కప్పను గుండుసూదులతో గుచ్చుతుంటే ఎవరం ఏమీ అడగలేదు, రికార్డు మార్కుల టెన్షన్ తప్ప. కోతలు తగ్గించమని యూజీసీ 2011లో, పూర్తిగా మానేయమని 2014లో చెప్పింది. శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో 2018లో జంతు న్యాయ కేంద్రం పెట్టారు. నాకు తెలిసి తెలుగు నేల మీద ఈ చదువుకు దగ్గరగా వచ్చింది అదే.

ఇక మన తరగతుల్లో కుక్క సంగతి చూస్తే, జువాలజీలో అదొక శాస్త్రీయ నామం, వెటర్నరీలో పేషెంటు, లాలో కేసు. సోషియాలజీలో అసలు కనబడదు. కుక్కే కాదు, ఎద్దు సుడులు చూసి బేరమాడే రైతు, వందల గొర్రెల్లో తనది ఏదో పోల్చుకునే గొల్ల, కురుమ కాపరి, వీళ్ళకు తెలిసింది కూడా ఏ సిలబస్‌లోనూ లేదు. కర్రి, బొల్లి, పుల్ల, మైల అంటూ పశువుల రంగులకు మనకున్న మాటలే ఒక పాఠానికి సరిపోతాయి.

వీధికుక్కలకు ఆపరేషన్ చేసి పట్టిన చోటే వదలాలన్న నిబంధనలు 2001లో వచ్చాయి, 2023లో కొత్తవి వచ్చాయి. అవి సరిగ్గా పని చేయాలంటే ఏ వీధిలో ఎన్ని కుక్కలున్నాయో, ఎవరు ఎన్నింటికి పెడతారో, ఏది ఎవరిని చూసి మొరుగుతుందో తెలియాలి. మా వీధి చివర చికెన్ షాపు అతనికి ఇవన్నీ తెలుసు. మిగిలిన పేగులూ ఈకలూ ఎక్కడ పడేస్తే ఏ కుక్కలు చేరతాయో, బయటి కుక్క వస్తే ఏ రాత్రి గొడవ జరుగుతుందో కూర్చోబెట్టి చెబుతాడు. ఇన్నేళ్ళలో కుక్కల కోసం అతని దగ్గర ఆగింది మున్సిపాలిటీ బండి ఒక్కటే.