కణాన్ని అడిగేదెలా?

చి. చిట్టికీ, బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

షాంపూ సీసా మీద కుందేలు బొమ్మ చూసి మొన్న చిట్టి అడిగింది: "జంతువుల మీద పరీక్షించలేదని రాశారు కదా తాతయ్యా, మరి కంట్లో పడితే మండదని వాళ్లకెలా తెలుసు?" అంతలో మీ అమ్మ అన్నానికి పిలిచింది, బతికిపోయాను. ఇప్పుడు చెప్పక తప్పదు.

ఒకప్పుడు పాపం కుందేలే చెప్పేది. అమెరికాలో 1944లో ఒక పద్ధతి వచ్చింది. కుందేలు ఒక కంట్లో చుక్క వేసి, రెండో కన్ను వదిలేసి, ఎంత ఎర్రబడిందో రోజుల తరబడి చూసేవాళ్లు. సబ్బులు, క్రీముల్లాంటి వాటి కోసం ఇలా హింసించడాన్ని మన దేశం 2014లో ఆపేసింది. మంచి పని. ఇక మిగిలిన దారుల్లో ఒకటి, జంతువును వదిలి కణాన్నే, అంటే ఒంటిని కట్టిన ఇటుకలాంటి సెల్‌నే అడగడం. దానికి నోరేదీ?

మీ ఈడులో ఉన్నప్పుడు దాళ్వాకి నీళ్లు కట్టమని మా నాన్నగారు నన్ను గట్టు మీద కూర్చోబెట్టేవారు. మా చేను పంటబోదెకు చిట్టచివర. ముంజెలు తింటూ ధార చూడటమే పని. పైన ఎక్కడో గేదెలు బోదెలో పడుకుంటే మాకు ధార సన్నబడేది. వాటి కిందనుంచి, మధ్య సందుల్లోంచి ఊరినవే మా నీళ్లు. గేదెలు కనబడకపోయినా చెప్పేసేవాణ్ణి: ఒకటి లేచింది, రెండు పడుకున్నాయి అని. జోరీగలు ముసిరాయంటే అన్నీ లేచేవి, బురదనీళ్లు ఒక్కసారిగా మీదపడేవి. ఫోన్ పక్కన పెట్టి ఒకేచోట చూస్తూ కూర్చోవడం కూడా చదువేనర్రా.

నార్వేలో పుట్టిన ఇవార్ యేవర్ అనే ఆయన ఉండేవారు. భౌతికశాస్త్రంలో 1973లో నోబెల్ వచ్చింది. తర్వాత కణాల మీద మనసు పడి, చార్లెస్ కీస్‌తో కలిసి 1984లో ఈ గట్టు మీద పనే చేసి చూపించారు. బోదె బదులు, గిన్నె అడుగున పావు మిల్లీమీటరు బంగారు చుక్క. నీళ్ల బదులు, కణాలకు తెలియనంత కొంచెం కరెంటు. గేదెల బదులు, చుక్క మీద పరుచుకున్న కణాలు. కణం పైపొర కరెంటును పోనివ్వదు. అది కిందనుంచి, సందుల్లోంచి దూరి పోవాల్సిందే. పడని రసాయనం తగిలిందా, కణాలు ముడుచుకుని పట్టు వదిలేస్తాయి. కరెంటుకు దారి దొరుకుతుంది.

పడుకున్న గేదె మాత్రం ఊరుకుంటుందా? తోక విసురుతుంది, పక్క మారుస్తుంది, ధార వణుకుతుంది. బతికున్న కణాలూ అంతే, క్షణం ఊరుకోవు. ఆ కరెంటును కొలిచే యంత్రం గీసే గీత సన్నగా వణుకుతూనే ఉంటుంది. చచ్చిపోతే ఆ వణుకు ఆగి గీత నున్నగా సాగిపోతుంది. మైక్రోస్కోపులో కూడా కనిపించనంత చిన్న కదలికలు ఇందులో పట్టుబడతాయి! తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

తాగేనీటిలో విషముందేమో చూడటానికి అమెరికా సైన్యం ట్రౌట్ చేప మొప్పల కణాలను ఇలాంటి బంగారు చుక్కల చిప్పుల మీదే పెంచింది. చేపను మోసుకెళ్లక్కర్లేదు.

కరెంటు లెక్కలు మీ సైన్స్ టీచరును అడగండి. నేను చెప్పే పని వేరు. ఎర్ర ఉల్లిపాయ ఊదారంగు పైపొర సన్నగా ఒలిచి, నీటిచుక్కలో పెట్టి బడి మైక్రోస్కోపులో చూడండి. తర్వాత ఉప్పునీళ్లు ఒక్క చుక్క వెయ్యండి. ఊదారంగు, కణాల గోడలను వదిలి లోపలికి ముడుచుకుంటుంది. వెంటనే మంచినీళ్లతో కడిగి మళ్లీ చూడండి. ఎంతసేపటికి విప్పారిందో నాకు రాయండి. ఉల్లిపాయ మాత్రం అమ్మను అడిగే తీసుకోండి.

మీ తాతయ్య