పొట్టి పెట్ట చిరునామా

రాజేంద్రనగర్, హైదరాబాద్

పిల్లలూ,

మొన్న పెరట్లో ఆ పొట్టి పెట్టను చూసి "తాతయ్యా, దీనికి దాణా సరిగా వేయట్లేదా?" అని అడిగారు. మీకు దాని మీద జాలి కలిగినందుకు సంతోషం. కానీ అది కడుపు నిండా తింటోంది. దాని పొట్టి కాళ్లు పుట్టుకతో వచ్చినవి. కారణం క్రోమోజోముల్లో, అంటే కణాల్లో జన్యువులను మోసే పోగుల్లో ఉంటుంది.

మనుషుల్లో ఆడవాళ్లకు రెండు ఎక్స్ క్రోమోజోములు, మగవాళ్లకు ఒక ఎక్స్, ఒక వై. కోళ్లలో లెక్క తిరగబడుతుంది: పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ. పెరుగుదల హార్మోన్‌ను కణాల దగ్గర అందుకునే ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువు జెడ్ మీద ఉంది. అది చెడితే ఒంట్లో హార్మోన్ ఉన్నా, తలుపు ఎంత కొట్టినా తీసేవాళ్లు లేనట్టే. పెట్ట బరువు సుమారు 30 శాతం తగ్గుతుంది. పుంజుకు రెండో జెడ్ మీద మంచి జన్యువుంటే చాలు, మామూలుగానే పెరుగుతుంది. పెట్టకు ఆ రెండోది లేదు, దానికున్న ఒక్క జెడ్ కూడా తండ్రి ఇచ్చిందే. ఇది నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

ఇలాంటి జన్యువు ఎక్కడుందో ఎలా కనిపెడతారు? మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా మనం అడ్రస్ ఎలా చెబుతాం? ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరు చెప్పి, "దాని ఎదురు సందు" అంటాం. క్రోమోజోముల మీద కూడా అలాంటి గుర్తులుంటాయి. పొట్టి కోళ్లనూ మామూలు కోళ్లనూ కలిపి, మనవల తరం దాకా రక్తంలో డీఎన్ఏ చూస్తారు. పొట్టివాటన్నిటిలో పొట్టితనంతో పాటే ఏ గుర్తు వస్తుందో, జన్యువు దాని పక్కనే ఉన్నట్టు. 2004లో అడవి కోడి జన్యుపటం అచ్చయ్యాక ఈ వెతుకులాట చాలా సులువైంది. మరో రకం పొట్టితనం జెడ్ మీద కాదు, ఒకటో క్రోమోజోము మీద ఉంది. దానికి కారణమైన జన్యువు 2018లో బయటపడింది.

పొట్టి పెట్టను పనికిరానిదనుకోకండి. మంచి జన్యువులు రెండూ ఉన్న పుంజుతో కలిపితే పిల్లలన్నీ మామూలు సైజుకే వస్తాయి, తల్లికి మాత్రం తక్కువ దాణా చాలు. అందుకే బ్రాయిలర్ తల్లికోళ్లుగా ఇలాంటి వాటిని వాడారు.

మన పెట్ట నిన్ననే పొదగడానికి కూర్చుంది. 21 రోజులు. పుంజు చూడ్డానికి మామూలుదే. మన పెట్టది జెడ్ రకమే అయితే, పిల్లల్లో ఒక్కటి పొట్టిగా మిగిలినా ఆ పుంజు కూడా ఒక చెడు జన్యువును మోస్తున్నట్టే. వచ్చేటప్పుడు నోట్‌బుక్, స్కేలు తెచ్చుకోండి. వారం వారం కాళ్లు కొలుద్దాం.

మీ తాతయ్య