గాలిమరల గొడవ మధ్యలో కప్పు లేని ఇల్లు

ఇంగ్లండ్‌లోని వెస్ట్ యార్క్‌షైర్‌లో వాల్షా మూర్ అనే బీడు కొండల మీద గాలిమరలు పెట్టాలన్న ప్రతిపాదన మళ్లీ రచ్చకెక్కింది. దాంతో పాటే హావర్త్ ఊరికి పైనున్న టాప్ విథెన్స్ శిథిలాల ఫొటో కూడా. ఎమిలీ బ్రాంటీ నవల 'వుదరింగ్ హైట్స్'లోని ఇల్లు ఇదేనని చాలామంది నమ్మకం. హావర్త్‌లో పెరిగిన ముగ్గురు రచయిత్రులు షార్లెట్, ఎమిలీ, ఆన్, ఆ బ్రాంటీ అక్కచెల్లెళ్ల కథ అందరికీ తెలిసిందే, దాని జోలికి పోను. ఈ ఇంటికి అంత పేరు ఎలా వచ్చిందన్నదే అసలు సంగతి.

ఇది 16వ శతాబ్దంలో కట్టిన రైతు ఇల్లు. అక్కడి ముతక ఇసుకరాయితో గోడలు, పైన బండపలకల కప్పు, గాలికి వెరచినట్టు పొట్టిగా ఉండేది. 'వుదరింగ్ హైట్స్'లో ఎమిలీ వర్ణించిన ఇల్లు వేరు: గుమ్మం చుట్టూ వింత చెక్కడాలు, వాటి మధ్య 1500 అన్న అంకె. అలాంటి చెక్కడాలు ఉన్నది హాలిఫాక్స్ దగ్గరి హై సండర్లాండ్ హాల్‌కు. 1838లో ఎమిలీ ఆ పక్కనే ఓ బడిలో పాఠాలు చెప్పింది. ఆ భవనాన్ని 1950 ప్రాంతంలో కూల్చేశారు.

మలుపంతా 1872లో ఉంది. బ్రాంటీల నవలలకు బొమ్మలు వేయాల్సిన ఎడ్వర్డ్ వింపరిస్‌కు షార్లెట్ స్నేహితురాలు ఎలెన్ నస్సీ టాప్ విథెన్స్‌ను సూచించింది. ఎమిలీ పోయి అప్పటికే 24 ఏళ్లు. కాదనడానికి ముగ్గురిలో ఒక్కరూ లేరు. ఇక జనం అటు నడక మొదలెట్టారు.

1903లో కీత్లీ నీటి సరఫరా వాళ్లు ఆ స్థలం కొన్నారు. 1920ల్లో ఓ మాజీ సైనికుడు కోళ్లు పెంచుకుంటూ కొన్నాళ్లున్నాడు, 1926లో వెళ్లిపోయాడు. ఆ తర్వాత కప్పు పోయింది. 1964లో బ్రాంటీ సొసైటీ గోడకు ఫలకం పెట్టింది: ఇల్లు చెక్కుచెదరకుండా ఉన్న రోజుల్లో కూడా నవలలోని ఇంటితో పోలిక లేదు, పరిసరాలు మాత్రం ఆమె మనసులో ఉండి ఉండొచ్చు అని. అంటే బ్రాంటీ అభిమానులు కాపాడమనేది గోడల్ని కాదు, చుట్టూ ఉన్న బీడును.

ఇక గాలిమరల సంగతి. 2023లో 65 టర్బైన్లు అన్నారు, తర్వాత తగ్గించారు. కాలుష్యం లేని కరెంటు కావాలన్నది కంపెనీ వాదన.

స్థానికుల దగ్గర సాహిత్యం కంటే గట్టి వాదన ఇంకోటుంది. ఆ బీడు కింద లోతైన పీట్ నేల ఉంది. వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లని నాచు పేరుకుని ఏర్పడింది. కార్బన్‌ను పట్టి ఉంచుతుంది, వాన నీటిని స్పాంజిలా ఆపుతుంది. టర్బైన్ పునాదులకు, రోడ్లకు దాన్నే తవ్వాలి. ఆ కొండల కిందే హెబ్డెన్ బ్రిడ్జ్ ఊరు ఉంది. 2015 డిసెంబర్ 26న, క్రిస్మస్ మర్నాడే, అక్కడి వీధులు వరదలో మునిగాయి.