నీళ్లు ఇవ్వని మారథాన్

1904 ఆగస్టు 30న, అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో మధ్యాహ్నం మూడు గంటలు దాటాక ఒలింపిక్ మారథాన్ మొదలైంది. ఎండ 32 డిగ్రీల ప్రాంతంలో ఉంది. బయల్దేరినవాళ్లు 32 మంది, చివరిదాకా వచ్చినవాళ్లు 14 మంది. గెలిచిన థామస్ హిక్స్‌కు 3 గంటల 28 నిమిషాల 53 సెకన్లు పట్టింది. ఒలింపిక్ పురుషుల మారథాన్‌లో ఇంత నెమ్మదిగా పరుగెత్తి గెలిచినవాళ్లు అంతకుముందు లేరు, ఆ తర్వాతా లేరు. అప్పటి దూరం ఇప్పటిలా 42.195 కిలోమీటర్లు కూడా కాదు, సుమారు 40 మాత్రమే.

దారి పొడవునా మట్టిరోడ్లు, ఏడు గుట్టలు. ముందూ వెనకా నిర్వాహకుల మోటారు కార్లు దుమ్ము రేపుతూ సాగాయి. ఆ దుమ్మును మింగీ మింగీ విలియం గార్సియా అనే అథ్లెట్ రోడ్డు పక్కన కుప్పకూలాడు. లోపల రక్తస్రావమై చావు అంచుదాకా వెళ్లి బతికాడు. ఇక నీళ్లు దొరికే చోట్లు రెండంటే రెండే. సుమారు పదో కిలోమీటరు దగ్గర ఒక నీటి ట్యాంకు, ఇరవయ్యో కిలోమీటరు దగ్గర ఒక బావి. నిర్వాహకుడు జేమ్స్ సలివాన్ ఇదంతా తెలిసే చేశాడు. నీళ్లు లేకుండా మనిషి శరీరం ఎంతదూరం వెళ్లగలదో చూడాలని ఆయనకు కోరిక.

ఆ కోరిక ఒక్క మనిషికి పుట్టిన వింత ఆలోచన కాదు. ఆ తర్వాత సుమారు అరవై ఏళ్లపాటు మారథాన్ ప్రపంచమంతా దాదాపు అలాగే నమ్మింది. పరుగు మధ్యలో నీళ్లు తాగడమంటే బలహీనత, పొట్ట బరువెక్కుతుంది, కాళ్లు పట్టేస్తాయి అనుకునేవారు. ఆ నమ్మకం కూలిపోయాక శాస్త్రం సరిగ్గా ఎదురు దిక్కుకు పరుగెత్తింది. దాహం వేసేదాకా ఆగవద్దు, పట్టినన్ని నీళ్లు తాగండి అని చెప్పింది. దానికీ ప్రాణాలు పోయాయి. రెండు కాలాల్లోనూ జరిగిన పొరపాటు ఒక్కటేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. దాహాన్ని ఎవరూ నమ్మలేదు.

ముందు వేడి సంగతి చూద్దాం. చదునైన నేలపై ఒక కిలోమీటరు పరుగెత్తడానికి ప్రతి కిలో బరువుకూ సుమారు ఒక కిలోకేలరీ ఖర్చవుతుంది. అరవై కిలోల మనిషి నలభై కిలోమీటర్లు పరుగెత్తితే 2400 కిలోకేలరీలు. ఇందులో కండరాలను కదిలించే పనికి ఉపయోగపడేది నాలుగో వంతుకు మించదు. మిగిలిన 1800 కిలోకేలరీలూ వేడిగా మారతాయి. ఒక లీటరు చెమట చర్మం మీద ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. అంటే కేవలం చెమటతోనే చల్లబడాలంటే హిక్స్ లాంటి మనిషికి మూడు లీటర్లకు పైగా చెమట ఆవిరి కావాలి. ఎండ నుంచి ఒంటికి చేరే వేడి దీనికి అదనం.

ఇప్పటి అగ్రశ్రేణి అథ్లెట్లు గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో వెళతారు. ఆ వేగంలో పుట్టిన వేడి బయటికి పోయే దారి పూర్తిగా మూసుకుపోతే శరీర ఉష్ణోగ్రత మూడు నాలుగు నిమిషాలకొక డిగ్రీ చొప్పున పెరుగుతుంది. పావుగంటలోపే ప్రాణం మీదికి వస్తుంది. మనిషిని రెండు గంటలపాటు నిలబెట్టేది చెమటే. అయితే కారి నేల మీద పడిన చెమట వల్ల ఏ లాభమూ లేదు, ఆవిరైనదే చల్లబరుస్తుంది. అందుకే పొడి ఎండ కన్నా ఉక్కపోత ప్రమాదకరం. గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆవిరి కాలేక కారిపోతూనే ఉంటుంది, లోపలి నీళ్లు తరుగుతూనే ఉంటాయి, వేడి మాత్రం తగ్గదు.

దీనికి ఘోరమైన ఉదాహరణ 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో కనిపిస్తుంది. జులై 14న తీవ్రమైన ఎండలో జరిగిన మారథాన్‌లో పోర్చుగల్ అథ్లెట్ ఫ్రాన్సిస్కు లాజారు దారిలో కుప్పకూలి మర్నాడు చనిపోయాడు. ఆధునిక ఒలింపిక్స్‌లో పోటీ కారణంగా ఒక అథ్లెట్ మరణించడం అదే మొదటిసారి. ఎండ తగలకుండా ఉండేందుకు అతడు ఒంటికి కొవ్వు పూసుకున్నాడని చెబుతారు. చెమట ఆవిరయ్యే దారికి అలా తానే అడ్డుకట్ట వేసుకున్నాడన్నమాట. అదే పందెంలో జపాన్ అథ్లెట్ షిజో కనకురి ఎండ దెబ్బకు మధ్యలోనే ఆగిపోయి, ఎవరికీ చెప్పకుండా స్వదేశానికి వెళ్లిపోయాడు. 1967లో స్వీడన్ వాళ్లు ఆయనను పిలిచి ఆ పరుగు పూర్తి చేయించారు. మొత్తం సమయం 54 ఏళ్ల 8 నెలల 6 రోజుల 5 గంటల 32 నిమిషాల 20.3 సెకన్లుగా ప్రకటించారు. ఇది చదివినప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది, వెంటనే లాజారు గుర్తొస్తాడు.

మళ్లీ సెయింట్ లూయిస్‌కు వద్దాం. పందెం చివరి భాగంలో హిక్స్ నీళ్లు అడిగాడు. వెంట ఉన్న సహాయకులు ఇవ్వలేదు, స్పాంజితో నోరు మాత్రం తడిపారు. ఇంకా పది కిలోమీటర్లకు పైగా ఉందనగా కోడిగుడ్డు తెల్లసొనలో స్ట్రిక్నిన్ కలిపి ఇచ్చారు. దాదాపు ఒక మిల్లీగ్రాము. తర్వాత మరోసారి, ఈసారి బ్రాందీతో. విషముష్టి గింజల నుంచి వచ్చే ఈ పదార్థాన్ని ఎలుకల మందుగా వాడేవారు. అప్పట్లో మారథాన్‌లో దీనిపై నిషేధం లేదు, అతి కొద్ది మోతాదులో ఉత్తేజమిచ్చే మందని వైద్యులు కూడా భావించేవారు.

స్ట్రిక్నిన్ ఏం చేస్తుందో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. కండరాలను కదిలించే నాడీకణాలను అదుపులో ఉంచేందుకు వెన్నుపాములో గ్లైసీన్ అనే రసాయనం పనిచేస్తుంది. ఈ విషం గ్లైసీన్ గ్రాహకాలను మూసేస్తుంది. అదుపు తప్పిన కండరాలు చిన్న స్పర్శకే బిగుసుకుంటాయి. బిగుసుకున్న ప్రతి కండరమూ మరింత వేడిని పుట్టిస్తుంది. వేడితో, నీటి కొరతతో ఉడికిపోతున్న శరీరానికి ఇంకా వేడి పుట్టించే విషం ఇచ్చి, చల్లబరిచే నీళ్లను మాత్రం ఆపారు. హిక్స్ మతిభ్రమించిన స్థితిలో, సహాయకుల ఆసరాతో గమ్యం చేరాడు. బతికాడు. మరో మోతాదు పడి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం.

ఈ పోటీ చూసైనా నిబంధనలు మారాయా అంటే, లేదు. యాభై ఏళ్ల తర్వాత, 1954లో వాంకూవర్‌లో జరిగిన బ్రిటిష్ ఎంపైర్ అండ్ కామన్వెల్త్ క్రీడల్లో ఇంగ్లండ్‌కు చెందిన జిమ్ పీటర్స్ రెండో స్థానంలో ఉన్నవాడికన్నా సుమారు పదిహేడు నిమిషాల ముందు స్టేడియంలోకి వచ్చాడు. అప్పటికి మారథాన్‌లో అతడంత వేగంగా పరుగెత్తినవాడు ప్రపంచంలో లేడు. గమ్యరేఖ మూడు నాలుగు వందల మీటర్లలో ఉంది. పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. సుమారు పదకొండు నిమిషాల్లో రెండు వందల మీటర్లు ఈడ్చుకుంటూ వెళ్లి ఆగిపోయాడు. ఆ తర్వాత ఎప్పుడూ పోటీలో పరుగెత్తలేదు. ఆ దశాబ్దపు అంతర్జాతీయ నిబంధనల ప్రకారం మొదటి 15 కిలోమీటర్లు దాటేదాకా దారిలో ఏ పానీయమూ ఇవ్వకూడదు.

గాలి మళ్లింది 1969లో. దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు విండమ్, స్ట్రైడమ్ మారథాన్‌లో నీళ్లు చాలినంత తాగకపోవడం ప్రమాదమని ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. బరువు ఎక్కువగా తగ్గిన రన్నర్ల శరీర ఉష్ణోగ్రత ఎక్కువగా ఉందని గమనించారు. ఒంట్లో వేడిని ప్రధానంగా నిర్ణయించేది పరుగు వేగమేనని తర్వాత మరికొందరు వాదించారు. ఆ వాదనలో బలముంది. వేగంగా వెళ్లేవాడికి వేడీ ఎక్కువే, చెమటా ఎక్కువే. నీళ్లు తాగినంత మాత్రాన వడదెబ్బ తగలదన్న హామీ లేదు. కానీ అప్పటికి ఆ పత్రం చేసిన మేలు చిన్నది కాదు. దారి పొడవునా నీళ్ల బల్లలు వెలిశాయి.

నీటి లెక్క ఎంత పెద్దదో 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ చూపించింది. అమెరికా అథ్లెట్ అల్బెర్టో సాలజార్‌ను ఆ పోటీ కోసం శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా సిద్ధం చేశారు. కొలిచి చూస్తే అతడి చెమట గంటకు 3.7 లీటర్లు. మామూలు మనిషి కష్టపడితే కార్చే చెమటకు రెండు మూడింతలు. పోటీ ముగిసేసరికి అతడి బరువు 5.4 కిలోలు తగ్గింది, అంటే శరీరంలో 8 శాతం. పదిహేనో స్థానంలో వచ్చాడు. అంత చెమటను తాగి భర్తీ చేయడం ఎవరికీ సాధ్యం కాదు. పరుగెత్తేటప్పుడు పొట్ట నుంచి పేగుల్లోకి గంటకు ఒక లీటరు ప్రాంతం వరకే నీళ్లు దిగుతాయి. మిగిలింది పొట్టలోనే తొణుకుతూ ఇబ్బంది పెడుతుంది.

సరిగ్గా ఈ సమయంలోనే సలహాలు హద్దు దాటాయి. 1996లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ గంటకు 600 నుంచి 1200 మిల్లీలీటర్ల వరకు, లేదా తట్టుకోగలిగినంత తాగమని చెప్పింది. మారథాన్ అప్పటికే ఉద్యోగులు, విద్యార్థులు వేల సంఖ్యలో పాల్గొనే పరుగుగా మారింది. నాలుగైదు గంటలు పట్టే నెమ్మది రన్నర్లకు ఒంట్లో వేడి తక్కువ, చెమట తక్కువ, తాగడానికి సమయం మాత్రం బోలెడు. వాళ్లు ప్రతి బల్ల దగ్గరా ఆగి తాగారు.

రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. అవసరానికి మించి నీళ్లు పట్టిస్తే అది పలచబడుతుంది. మామూలుగానైతే మూత్రపిండాలు అదనపు నీటిని బయటికి పంపేస్తాయి. కానీ సుదీర్ఘ శ్రమలో మెదడు వాసోప్రెసిన్ హార్మోనును విడుదల చేస్తూనే ఉంటుంది, నీటిని పట్టి ఉంచమన్న ఆదేశం అది. దాంతో తాగినదంతా లోపలే ఉండిపోతుంది. పలచబడిన రక్తం నుంచి నీరు కణాల్లోకి చేరి అవి ఉబ్బుతాయి. మిగిలిన అవయవాలు ఉబ్బినా కొంత చోటుంటుంది, గట్టి కపాలంలో బిగుసుకుని ఉన్న మెదడుకు ఆ చోటు లేదు. తలనొప్పి, వాంతులు, గందరగోళం, మూర్ఛ, మరణం. దీన్ని హైపోనట్రీమియా అంటారు. 2002 బోస్టన్ మారథాన్ తర్వాత 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికన్నా తక్కువగా తేలింది. ముగ్గురిలో ప్రాణాపాయ స్థాయిలో ఉంది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవాళ్లకు ఈ ముప్పు ఎక్కువని కూడా ఆ పరీక్షల్లో స్పష్టమైంది. బరువు పెరగడమంటే చెమటగా పోయినదానికన్నా ఎక్కువ తాగారన్నమాట.

అంతకాలమూ దాహం తన పని తాను చేస్తూనే ఉంది. మెదడులోని హైపోథాలమస్ ప్రాంతంలో రక్తపు చిక్కదనాన్ని కనిపెట్టే నాడీకణాలు ఉంటాయి. ఆ చిక్కదనం ఒకటి రెండు శాతం పెరిగితే చాలు, దాహం వేస్తుంది. ఇంత సున్నితమైన కొలత సాధనం మరేదీ రన్నర్ల చేతికి ఇప్పటివరకు అందలేదు. 2015లో కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్‌లో సమావేశమైన అంతర్జాతీయ నిపుణులు హైపోనట్రీమియా రాకుండా ఉండేందుకు ఇచ్చిన సలహా సూటిగా ఉంది: దాహమైతే తాగండి. అగ్రశ్రేణి అథ్లెట్లు సీసాలు, మోతాదులు ముందే లెక్కగట్టుకుంటారు, వాళ్ల సంగతి వేరు. వాళ్లు కూడా పోయినదంతా భర్తీ చేయరు. 2009 దుబాయ్ మారథాన్ గెలిచిన ఇథియోపియా దిగ్గజం హైలే గెబ్రెసెలాసీ ఆ పరుగులో దాదాపు పది శాతం బరువు కోల్పోయాడు. బరువు కొంత తగ్గడం ఓటమికి గుర్తు కాదు.

నిర్వాహకులు ఇప్పుడు వేడిని తప్పించే మార్గమే వెతుకుతున్నారు. 2019 దోహా ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో మారథాన్‌ను అర్ధరాత్రి నడిపారు. అయినా మహిళల పోటీలో 68 మందిలో 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. టోక్యో ఒలింపిక్స్ మారథాన్‌ను ఉత్తరాన దాదాపు 800 కిలోమీటర్ల దూరంలోని సపోరోకు తరలించారు. 2021 ఆగస్టు 8న ఉదయం 7 గంటలకే పురుషుల పోటీ మొదలైనా 106 మందిలో 30 మంది పూర్తి చేయలేకపోయారు. కెన్యాకు చెందిన ఎలియుడ్ కిప్‌చోగే 2 గంటల 8 నిమిషాల 38 సెకన్లలో గెలిచాడు.

గమ్యరేఖ పక్కనున్న వైద్య శిబిరంలో ఈ చరిత్ర అంతా ఒకేసారి ఎదురవుతుంది. మతి తప్పి తూలుతూ వచ్చిన రన్నర్‌కు వడదెబ్బ కావచ్చు, హైపోనట్రీమియా కావచ్చు, ఉన్నట్టుండి ఆగడంతో రక్తం కాళ్లలో నిలిచిపోయి రక్తపోటు పడిపోవడమూ కావచ్చు. పైకి మూడూ ఒకేలా కనిపిస్తాయి. వైద్యం మాత్రం వేరు వేరు. మొదటిదైతే అరగంటలోపు మంచునీటి తొట్టిలో ముంచాలి. రెండోదానికి గాఢమైన ఉప్పునీటిని నరంలోకి ఎక్కించాలి. మూడోదానికి కాళ్లు ఎత్తి పడుకోబెడితే చాలు. పడిపోయాడు కదా అని అలవాటుగా మామూలు సెలైన్ బాటిల్ పెడితే హైపోనట్రీమియా రోగి పరిస్థితి మరింత విషమించవచ్చు. అందుకే ఇప్పుడు డాక్టర్లు ముందు శరీరపు లోపలి ఉష్ణోగ్రత కొలుస్తారు, ఒక చుక్క రక్తంలో సోడియం చూస్తారు, ఆ రెండు అంకెలూ చేతికి వచ్చాకే సెలైన్ సంగతి తేలుస్తారు.