అప్పుల నుంచి లేచిన స్టూడియో: హాల్ ల్యాబొరేటరీ వెనకటి కథ

2024 మేలో మైక్రోసాఫ్ట్ టోక్యోలోని టాంగో గేమ్‌వర్క్స్‌ను మూసేస్తున్నట్టు ప్రకటించింది. అంతకు ముందటి ఏడాదే వచ్చిన ‘హై-ఫై రష్’కు ఎంత పేరొచ్చినా ఆ స్టూడియోకు గండం తప్పలేదు. ఆగస్టులో దక్షిణ కొరియా సంస్థ క్రాఫ్టన్ ముందుకొచ్చి ఆదుకుంది. మంచి గేమ్ తీసిన స్టూడియో ఎందుకు నిలవదు, నిలిచినదాన్ని ఏది నిలబెట్టింది అన్నది జపాన్‌లో పాత ప్రశ్నే. 1992లో కుప్పకూలి, ఆ దశాబ్దం ముగిసేలోగా అప్పు మొత్తం తీర్చిన హాల్ ల్యాబొరేటరీ దగ్గర దానికి గట్టి జవాబు దొరుకుతుంది.

హాల్ 1980లో టోక్యోలో మొదలైంది. మొదట్లో అది చేసింది గేమ్‌లు ఒక్కటే కాదు. అప్పటి ఇంటి కంప్యూటర్లు ముందే ఖాయం చేసిన అక్షరాలు, గుర్తులు తప్ప మరో బొమ్మ చూపలేకపోయేవి. ఆ గుర్తుల ఆకారాన్ని ప్రోగ్రామ్‌తో మార్చుకునేలా చేసే అదనపు పరికరాన్ని హాల్ తయారుచేసి అమ్మింది. టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువుకుంటూ అక్కడ పార్ట్‌టైమ్ పనిచేసిన సతోరు ఇవాతా, డిగ్రీ కాగానే అందులోనే చేరాడు. తన సొంత కమడోర్ పెట్ కంప్యూటర్ మీద 6502 ప్రాసెసర్ లోతుపాతులు నేర్చుకున్నాడు. 1983లో నింటెండో తెచ్చిన ఇంటి గేమ్ కన్సోల్ ఫామికామ్‌లో ఉన్నదీ ఆ కుటుంబం చిప్పే. జపాన్‌లో చాలామంది ప్రోగ్రామర్లకు జెడ్80 అనే వేరే ప్రాసెసర్ అలవాటు కాబట్టి, ఈ తేడా హాల్‌కు బాగా కలిసొచ్చింది.

ఫలితం 1984లోనే కనిపించింది. 18 హోల్స్‌ ఉన్న ‘గోల్ఫ్’ ఫామికామ్ క్యాట్రిడ్జ్‌లో పట్టదని వేరే సంస్థలు వదిలేశాయి. ప్రోగ్రామ్‌కు 16 కిలోబైట్లు, బొమ్మలకు 8 కిలోబైట్లు, అంతే చోటు. మైదానాల డేటాను కుదించే పద్ధతిని ఇవాతా సొంతంగా రాసి, అన్నీ అందులోనే పట్టించాడు.

‘బెలూన్ ఫైట్’ విషయం ఇంకా ఆసక్తికరం. తొంభైల్లో మన దగ్గర టీవీకి తగిలించి ఆడిన వీడియో గేమ్ క్యాసెట్లలో తరచుగా కనిపించిన గేమే ఇది. ఆర్కేడ్ (నాణెం వేసి ఆడే మెషీన్) రూపంలో బొమ్మ స్థానాన్ని పూర్ణాంకాల్లోనే లెక్కించారు. అలా చేస్తే బొమ్మ ఒక పిక్సెల్ (తెర మీది చుక్క) కదలాలి, లేదా రెండు, ఒకటిన్నర కుదరదు. అందుకే నెమ్మదిగా తేలే కదలికలో కుదుపు వస్తుంది. ఫామికామ్ రూపంలో ఇవాతా పిక్సెల్‌లో భాగాన్ని కూడా లెక్కలో ఉంచాడు. తెర మీద పూర్ణాంకమే కనిపిస్తుంది, మిగిలిన భిన్నం తర్వాతి ఫ్రేమ్ లెక్కకు కలుస్తుంది. ఆర్కేడ్ వెర్షన్ రాసిన తోషిహికో నకాగో అది చూసి ఆ పద్ధతి అడిగి తెలుసుకున్నాడు. 1985లో వచ్చిన ‘సూపర్ మారియో బ్రదర్స్’లో మారియో నీళ్లలో ఈదే తీరుకు ఆ పాఠమే పనికొచ్చింది.

అంత నేర్పున్న సంస్థ ఎలా మునిగింది? సొంతంగా ప్రచురించిన గేమ్‌ల దగ్గర దెబ్బ తగిలింది. 1991 ఆగస్టులో వచ్చిన ‘మెటల్ స్లేడర్ గ్లోరీ’ నాలుగేళ్ల పని. గేమ్‌ను నిల్వ చేసే రోమ్ చిప్ 8 మెగాబిట్లది. అంటే 1 మెగాబైట్. ఫామికామ్ గేమ్‌లలో అదే అతి పెద్ద పరిమాణాల్లో ఒకటి. దాంతోపాటు క్యాట్రిడ్జ్ సామర్థ్యాన్ని పెంచే ఖరీదైన ఎంఎంసీ5 చిప్. చిప్‌ల ఖర్చు ప్రతి క్యాట్రిడ్జ్‌ మీదా పడుతుంది కాబట్టి ఎన్ని చేయించాలో అంచనా తప్పితే నష్టం కూడా అంతే పెద్దది. పైగా అప్పటికే నింటెండో తర్వాతి కన్సోల్ సూపర్ ఫామికామ్ వచ్చి తొమ్మిది నెలలు దాటింది. పెట్టిన డబ్బు వెనక్కి రాలేదు. 1992లో సంస్థ కోర్టు రక్షణ కోరింది. అప్పు 150 కోట్ల యెన్లు.

నింటెండో అధిపతి హిరోషి యమౌచి సాయానికి ఒప్పుకున్నాడు, ఇవాతా అధ్యక్షుడు కావాలన్న షరతు మీద. 1993లో 33 ఏళ్ల వయసులో పగ్గాలు పట్టిన ఇవాతా ముందుగా ఉద్యోగులందరితో ఒక్కొక్కరిగా మాట్లాడాడు. ఆరేళ్లలో అప్పంతా తీరింది. సగటున ఏడాదికి 25 కోట్ల యెన్లు.

ఈ గెలుపుకు చాలామంది గుండ్రటి బొమ్మ హీరోగా ఉన్న ‘కర్బీ’ని మాత్రమే కారణంగా చూపిస్తారు. 1992లో నింటెండో చేతి కన్సోల్ గేమ్‌బాయ్ మీద వచ్చిన, హాల్ డిజైనర్ మసహిరో సకురాయ్ చేసిన ఆ గేమ్ 50 లక్షలకు పైగా అమ్ముడైన మాట నిజమే. అయితే దాన్ని మొదట ‘ట్వింకిల్ పోపో’ పేరుతో హాలే సొంతంగా విడుదల చేయబోయింది. నింటెండో గేమ్ రూపకర్త షిగెరు మియమోతో ఇంకొంచెం మెరుగుపరచమనడంతో, తీసుకున్న ఆర్డర్లు రద్దుచేసి నింటెండో చేతికి ఇచ్చింది. ఆ నిర్ణయమే అసలు మలుపు. అమ్మకాల భారం వాళ్లకు వదిలి, హాల్ తనకు బాగా వచ్చిన పని పట్టుకుంది.

ఆ పనిలో ఇతరుల గేమ్‌లను గట్టెక్కించడం కూడా ఉంది. నాలుగేళ్లుగా తయారవుతూ ముందుకు సాగని నింటెండో గేమ్ ‘మదర్ 2’ చూసి, ఉన్నదాన్ని సరిచేస్తే రెండేళ్లు, మొదటినుంచి రాస్తే ఆరు నెలలు పడుతుందని ఇవాతా తేల్చాడు. ముందు బృందమంతా వాడుకునే టూల్స్ రాశాడు, తర్వాతే గేమ్. 1994 ఆగస్టులో అది విడుదలైంది. పోకెమాన్ పోరాటాల లెక్కను నింటెండో 64 కన్సోల్‌కు మార్చాల్సి వస్తే, వివరణ పత్రాలేవీ లేకుండా పోకెమాన్ తయారీ సంస్థ గేమ్ ఫ్రీక్ సోర్స్ కోడ్ చదివి వారంలో పని నడిపించాడు. పోకెమాన్ ‘గోల్డ్’, ‘సిల్వర్’ గేమ్‌లకు బొమ్మలు కుదించే టూల్ కూడా ఆయనదే.

నింటెండో పాత్రలు ఒకదానితో ఒకటి తలపడే ‘స్మాష్ బ్రదర్స్’ 1999 జనవరిలో వచ్చింది; దాని తొలి నమూనాలో నింటెండో పాత్రలే లేవు. సకురాయ్ రూపకల్పన చేయగా, అధ్యక్షుడిగా ఉంటూనే ఇవాతా సెలవు రోజుల్లో దానికి కోడ్ రాశాడు.

2000లో ఇవాతా నింటెండోకు వెళ్లాడు, 2003లో సకురాయ్ హాల్‌ను వదిలాడు. ఆ తర్వాత ఇంటి కన్సోల్‌కు తలపెట్టిన మూడు కర్బీ గేమ్‌లను హాల్ మధ్యలోనే పక్కన పెట్టేసింది; 2011లో గానీ ‘రిటర్న్ టు డ్రీమ్ ల్యాండ్’ రాలేదు. 1991లో సాగిపోయిన ఒక్క గేమ్ సంస్థను అప్పుల్లోకి నెట్టింది. అప్పు లేని హాల్ మాత్రం మూడింటిని వదులుకునీ నిలవగలిగింది.

ప్రధాన వరుసలో తొలి పూర్తి త్రీడీ కర్బీ 2022 మార్చిలో వచ్చింది. గుండ్రటి బొమ్మ వెనకనుంచి ఎటు చూస్తోందో తెలియదు, నేల ఎంత దూరమో అంచనా దొరకదు. అందుకే కర్బీ నేలను పూర్తిగా తాకకముందే మళ్లీ గెంతే వీలు కల్పించారు. కెమెరా వైపునుంచి తగిలినట్టు కనిపించే దెబ్బను తగిలినట్టే లెక్కించారు.